ఇక్కడ కుండ లేదు

రాత్రి రెండు గంటలకు నడిచే ప్రోగ్రాం దగ్గర ఎవరూ కూర్చోరు. పొద్దున ఆఫీసుకొచ్చి లాగ్ తెరుస్తారు, చివరి పేజీలో పని ముగిసిందన్న మాట కనబడితే టీకి వెళ్తారు. కొన్నేళ్ళ కిందట ఒక పొద్దున నేనూ అలాగే చివరి పేజీ చూసి లేచాను. గంట తర్వాత రిపోర్టులు చూసేవాళ్ళ దగ్గర్నుంచి ఫోను. 11 నెలల రికార్డులు ఉండాల్సిన టేబుల్‌లో ఒక్క రాత్రివే ఉన్నాయట.

జరిగింది చిన్న విషయమే. ఆ ప్రోగ్రాం మొదట్లో ఒక పరీక్ష ఉంది. ఫలానా టేబుల్ మెటాడేటాలో నమోదై ఉందా? ఉంటే ఈ రోజు రికార్డులు దాని అడుగున చేర్చాలి. లేకపోతే ఇదే మొదటి రోజు కాబట్టి టేబుల్‌ని కొత్తగా తయారుచెయ్యాలి. ఆ రాత్రి సరిగ్గా ఆ నిమిషానికి మెటాడేటా సర్వర్‌ని ఆపి మళ్ళీ మొదలుపెడుతున్నారు. మా ప్రశ్న అవతలికి చేరనేలేదు. చేరలేదన్న సంగతి ఆ ప్రశ్న అడిగిన ఫంక్షన్ దాచలేదు, మైనస్ 1 అని తిరిగి చెప్పింది. ఆ మైనస్ 1ని మా ప్రోగ్రాం ‘లేదు’ కింద జమకట్టింది. లేదు కాబట్టి కొత్తది తయారుచేసింది. అదే పేరుతో అదే చోట పాత టేబుల్ ఉంటే సాస్ అడక్కుండా దాని మీదే రాసేస్తుంది. బ్యాకప్ ఉండబట్టి సాయంత్రానికి అన్నీ తిరిగొచ్చాయి. కానీ ఆ పరీక్ష రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక వస్తువు లేదని తేల్చడానికి మనకు ఏం తెలిసి ఉండాలి అన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

సాస్ గురించి రెండు మాటలు. ఇది పుట్టింది అమెరికాలో, నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో, 1960ల చివర్లో. దక్షిణాది రాష్ట్రాల వ్యవసాయ ప్రయోగ కేంద్రాల్లో గుట్టలుగా పోగవుతున్న పంటల అంకెల్ని విశ్లేషించడానికి ఆంథొనీ బార్, జేమ్స్ గుడ్‌నైట్, వాళ్ళ సహచరులు కట్టిన ప్రోగ్రాం ఇది. 1976లో కంపెనీ అయింది. ఇవాళ బ్యాంకులు, బీమా సంస్థలు, అన్నిటికంటే ముఖ్యంగా మందుల కంపెనీలు దీని మీద నడుస్తాయి. కొత్త మందుని మనుషుల మీద పరీక్షించినప్పుడు వచ్చే లెక్కల్ని సాస్‌లో తీర్చిదిద్దే పని హైదరాబాదులో చాలామందికి బతుకుతెరువు. ఆ పని నేర్పే కోచింగ్ బోర్డులు అమీర్‌పేట సందుల్లో తిరిగిన ఎవరికైనా తెలుసు.

ఇక మెటాడేటా. పొలం డేటా అనుకుంటే అడంగల్ మెటాడేటా. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, సాగులో ఉన్నది ఎవరు, ఏ పంట, అన్నీ అందులో ఉంటాయి. అడంగల్‌ని దున్నలేం, కానీ అది లేకపోతే ఏ పొలం ఎవరిదో తేల్చలేం. 2000ల తొలి ఏళ్ళలో వచ్చిన సాస్ 9తో ఈ అడంగల్ పని చెయ్యడానికి ప్రత్యేకంగా ఒక సర్వర్ ఏర్పడింది. సంస్థలో ఉన్న ప్రతి టేబుల్, టేబుల్‌లో ప్రతి కాలమ్, ప్రతి లైబ్రరీ, ఫోల్డర్, వాడుకరి, ఒక్కొక్కదానికీ ఒక్కొక్క నమోదు. ప్రతి నమోదుకీ 17 అక్షరాల గుర్తింపు సంఖ్య: ముందు ఎనిమిది అక్షరాలు అది ఏ నమోదుల పుస్తకంలో ఉందో చెబుతాయి, మధ్యలో ఒక చుక్క, తర్వాత ఎనిమిది ఆ నమోదుకు సొంతం. ఈ నమోదునే మెటాడేటా ఆబ్జెక్ట్ అంటారు. ప్రోగ్రాంలో నుంచి దాన్ని వెతకడానికి ఉన్న దారుల్లో ఒకటి మెటాడేటా రిజాల్వ్ అనే ఫంక్షన్.

దానికి మనం చెప్పేది రెండే ముక్కలు, ఏ రకం వస్తువు, ఏ పేరు. టేబుల్, పేరు ‘క్లాస్’ అనుకోండి. తిరిగి వచ్చేది ఒక అంకె. అలాంటివి ఎన్ని దొరికితే అంత. ఒకటి దొరికితే 1, మూడు దొరికితే 3. ఒక్కటీ దొరక్కపోతే 0. సర్వర్‌తో మాటే కలవకపోతే మైనస్ 1. దొరికిన వస్తువు రకాన్నీ గుర్తింపు సంఖ్యనీ మనం ఇచ్చిన రెండు గిన్నెల్లో పోసి ఇస్తుంది. గిన్నెలు ముందే సరిపడా పొడవుతో సిద్ధం చేసుకోవాలి. ఎనిమిది అక్షరాల గిన్నె పెడితే 17 అక్షరాల సంఖ్య అందులో పట్టదు.

మూడు జవాబులు వేరువేరుగానే ఉన్నాయి. వాటిని కలిపేసేది మనమే, అదీ రెండు విధాలుగా. సాస్‌లో సున్నా, విలువ లేని చుక్క మాత్రమే అబద్ధం. మిగతా అంకెలన్నీ నిజం, మైనస్ 1తో సహా. కాబట్టి ‘జవాబు నిజమైతే’ అని క్లుప్తంగా షరతు రాసినవాడి ప్రోగ్రాంలో, సర్వర్ పడిపోయిన రోజు ప్రతి వస్తువూ ఉన్నట్టే లెక్క. ‘జవాబు సున్నా కంటే ఎక్కువైతే ఉంది, లేకపోతే లేదు’ అని జాగ్రత్తగా రాశాననుకున్నవాడి ప్రోగ్రాంలో అదే రోజు ఏ వస్తువూ లేనట్టే లెక్క. మేము రాసింది ఈ రెండోది. ‘జవాబు 1 అయితే’ అని రాసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు అదే పేరుతో రెండు టేబుళ్ళు ఉన్నప్పుడు వచ్చే 2 అనే జవాబు ‘లేదు’గా కనబడుతుంది. ఎక్కువ ఉండడం వల్ల లేకుండా పోవడం!

ఈ చిక్కుని మన తర్కశాస్త్రం చాలా ముందే పట్టుకుంది. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు, తర్కం కొత్తగా చదువుకునే పిల్లల కోసం ‘తర్కసంగ్రహం’ రాశాడు. లోకంలో ఉన్నవాటన్నిటినీ అందులో ఏడు పదార్థాలుగా విభజించాడు. ద్రవ్యం, గుణం, కర్మ అంటూ మొదలయ్యే ఆ వరుసలో ఏడోది అభావం. లేకపోవడం కూడా ఒక పదార్థమే! ఊరికే ‘లేదు’ అంటే తార్కికులు ఒప్పుకోరు. ఏది లేదు? దానికి వాళ్ళ పేరు ప్రతియోగి. ఎక్కడ లేదు? అది అధికరణం. ‘నేల మీద కుండ లేదు’ అన్నప్పుడు కుండ ప్రతియోగి, నేల అధికరణం. ఈ రెండూ చెప్పకపోతే ఆ వాక్యం పూర్తి కానట్టే.

కుండ లేదని ఎలా తెలిసింది? చూశాను, కనబడలేదు. కనబడలేదు కాబట్టి లేదు అనవచ్చా? ఇక్కడే వాళ్ళు ఆగి ఆలోచించారు. కుమారిల భట్టు అనుయాయులైన మీమాంసకులు, అద్వైతులు ఈ ‘కనబడకపోవడాన్ని’ ప్రత్యక్షం, అనుమానం లాంటి వాటి సరసన విడి ప్రమాణంగా నిలబెట్టారు. దాని పేరు అనుపలబ్ధి. అన్నంభట్టు వర్గం వాళ్ళైన నైయాయికులు విడి ప్రమాణం అక్కర్లేదన్నారు. అంత వాదం జరిగినా ఒక్క షరతు దగ్గర మాత్రం ఇరుపక్షాలూ కలిశాయి. ఆ కనబడకపోవడం ‘యోగ్యం’ అయి ఉండాలి. అంటే, కుండ గనక అక్కడ ఉండి ఉంటే నాకు తప్పకుండా కనబడి ఉండేది అని చెప్పగలగాలి. చీకటి గదిలో నిలబడి కుండ కనబడలేదంటే దాన్నిబట్టి ఏమీ తేలదు. పట్టపగలే అయినా, స్వభావంతోనే కంటికి ఆనని పిశాచం లాంటిదైతే, కనబడలేదన్నంత మాత్రాన అది లేదని చెప్పడం చెల్లదు.

నాకు ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. సర్వర్ పడిపోయిన రాత్రి మా ప్రోగ్రాం చీకటి గదిలో నిలబడి కుండ లేదంది. పిశాచం ఉదాహరణకు కూడా సాస్‌లో సరిగ్గా సరిపోయే స్థలం ఉంది, నా ఉద్దేశంలో అది చీకటి కంటే ప్రమాదకరమైనది.

మెటాడేటా సర్వర్‌లో ప్రతి నమోదు మీదా అనుమతులు ఉంటాయి. అందులో అన్నిటికంటే అడుగుది రీడ్ మెటాడేటా. అది లేని వాడుకరికి ఆ నమోదు తాళం వేసిన గదిలా కనబడదు, గది ఉన్నట్టే కనబడదు. వెతికితే సున్నా వస్తుంది. సర్వర్ బాగానే ఉంది, మాట కలిసింది, పేరు సరిగ్గా రాశాం, టేబుల్ ఉంది, అయినా సున్నా. ‘లేదు’కీ ‘నీకు చూపించను’కీ ఒకటే అంకె. దీన్ని లోపం అనను. జీతాల టేబుల్ ఉందన్న సంగతే తెలియకూడని చోట ‘ఉంది గానీ నీకు అనుమతి లేదు’ అనడం కూడా రహస్యం సగం విప్పినట్టే. ప్రోగ్రాంల కోడ్ దాచుకునే గిట్‌హబ్ కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది. అనుమతి లేనివాళ్ళు ప్రైవేటు రిపాజిటరీ చిరునామా కొడితే ‘ప్రవేశం లేదు’ అనే 403 బదులు ‘అలాంటిది లేదు’ అనే 404 చూపిస్తుంది.

కాబట్టి ప్రోగ్రాం రాసేవాడు తన పేరు మీద పరీక్షించి చూసి బాగుందనుకుంటే చాలదు. రాత్రిపూట నడిచేటప్పుడు అది మరో ఖాతా పేరుతో నడుస్తుంది, ఆ ఖాతాకి వేరే కళ్ళు. నా ఖాతాకు 1 వచ్చిన ప్రశ్నకు దానికి 0 రావచ్చు. ఇద్దరికీ వచ్చినవి నిజాలే. దీనికి మేము కనిపెట్టిన మందు చాలా మామూలుది. అసలు టేబుల్‌ని వెతికే ముందు, అదే ఫోల్డర్‌లో, అవే అనుమతులతో, ఎప్పుడూ ఉండితీరే ఒక చిన్న టేబుల్‌ని వెతుకుతాం. అది కనబడితే వెలుతురు ఉంది, కళ్ళు పనిచేస్తున్నాయి. అప్పుడు అసలుది కనబడకపోతే ఆ సున్నాకి విలువ ఉంది. ఆ చిన్న టేబులే కనబడకపోతే ఇక రెండో ప్రశ్న అడగడం దండగ. యోగ్యానుపలబ్ధికి ఇంతకంటే దగ్గరి అనువర్తనం నాకు తెలియదు.

అన్నంభట్టు అభావాన్ని నాలుగు రకాలు చేశాడు. ఇంకా పుట్టని కుండ లేకపోవడం ప్రాగభావం. పగిలిపోయిన కుండ లేకపోవడం ప్రధ్వంసాభావం. ఏ కాలంలోనూ ఆ చోటుకి దానితో సంబంధం లేకపోవడం అత్యంతాభావం. కుండ గుడ్డ కాదు, గుడ్డ కుండ కాదు అన్నప్పుడు ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం. మా ప్రోగ్రాం ‘లేదు, కాబట్టి తయారుచెయ్యి’ అన్నప్పుడు అది మనసులో పెట్టుకున్నది ప్రాగభావం ఒక్కటే. ఎవరో పొరపాటున నిన్న చెరిపేసిన టేబుల్ విషయంలో కూడా అది అదే చేస్తుంది. కొత్తది తయారుచేసి, చెరిపివేతని కప్పెట్టేస్తుంది. ఇంకా పుట్టనిదానికి చెయ్యాల్సింది పుట్టించడం. పగిలినదానికి చెయ్యాల్సింది గంట కొట్టడం. ఒకే సున్నా, రెండు వేర్వేరు కర్తవ్యాలు.

ఇందాకటి అడంగల్ మాటకి వద్దాం. రికార్డులో ఉన్న పొలం నేల మీద లేకపోవచ్చు, నేల మీద ఉన్నది రికార్డుకి ఎక్కకపోవచ్చు. సాస్‌లోనూ అంతే. మెటాడేటాలో టేబుల్ ఉందంటే దాని గురించిన వివరం ఉందని మాత్రమే అర్థం. డిస్క్ మీద ఉన్న టేబుల్‌ని మామూలు ఆజ్ఞతో ఎవరైనా తీసేస్తే నమోదు అలాగే మిగిలిపోతుంది. రెంటినీ సరిచూసి మెటాడేటాని సవరించడానికి మెటాలిబ్ అనే సాధనం ఉంది. అది కూడా మనం ప్రత్యేకంగా చెబితే తప్ప, టేబుల్ పోయిందని చెప్పి నమోదుని చెరపదు. కొత్తవి చేరుస్తుంది, మారినవి సరిదిద్దుతుంది, పోయినవాటిని వదిలేస్తుంది. ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది. ఆ సమయానికి డిస్క్ తాత్కాలికంగా ఊడి ఉంటే, కనబడని టేబుళ్ళన్నీ పోయాయనుకుని నమోదులన్నీ తుడిచేస్తే ఎలా? పైగా ఏమీ చెయ్యకుండా ‘చేస్తే ఏం మారుతుంది’ అని మాత్రమే నివేదిక ఇచ్చే వీలు కూడా అందులో ఉంది. ముందు ఆ నివేదిక చూడకుండా చెరపమని చెప్పే అలవాటు ఎవరికీ ఉండకూడదు.

డిస్క్ మీద టేబుల్ ఉందా లేదా అని నేరుగా అడగడానికి ఎగ్జిస్ట్ అనే ఫంక్షన్ ఉంది. ఉంటే 1, లేకపోతే 0. ఇందులో మైనస్ 1 లేదు, అందుకే తేలిగ్గా అనిపిస్తుంది, అందుకే మరింత జాగ్రత్త కావాలి. లైబ్రరీ అనేదే ఇంకా కట్టలేదనుకోండి, అంటే ఆ పేరుకి ఏ ఫోల్డరూ జతకాలేదు. అప్పుడూ సున్నాయే. పుస్తకం లేదా, బీరువాయే లేదా అన్నది తెలియదు. లిబ్‌రెఫ్ అనే మరో ఫంక్షన్‌తో ముందు బీరువా సంగతి కనుక్కోవాలి. దానిలో సున్నా అంటే అంతా బాగుందని అర్థం! పక్కపక్కన రాసే రెండు ఫంక్షన్లలో ఒకదాని సున్నా శుభం, మరోదాని సున్నా అశుభం. కొత్తగా చేరినవాళ్ళు తడబడితే తప్పు వాళ్ళది కాదు.

రకం చెప్పకపోతే ఎగ్జిస్ట్ ఊరికే డేటాసెట్లనే, అంటే టేబుళ్ళనే, చూస్తుంది. అదే పేరుతో ఉన్నది వ్యూ అయితే, అంటే సొంతంగా రికార్డులు దాచుకోకుండా అడిగినప్పుడల్లా వేరే టేబుళ్ళ నుంచి తెచ్చి చూపేది అయితే, లేదంటుంది. కుండలు ఉన్నాయా అని అడిగితే బానల్ని లెక్కలోకి తీసుకోనట్టు. ఇక సాస్ తన టేబుళ్ళ జాబితాని తానే ఒక టేబుల్‌గా చూపిస్తుంది, డిక్షనరీ అంటారు. అందులో లైబ్రరీ పేర్లు, టేబుల్ పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. చిన్న అక్షరాల్లో వెతికితే ఒక్క వరుసా రాదు. ప్రోగ్రాంలో రాసే పేర్లలో చిన్న పెద్ద తేడా పట్టించుకోని భాష, కొటేషన్లలో పెట్టిన మాటల్ని పోల్చేటప్పుడు మాత్రం పట్టించుకుంటుంది. ఈ ఒక్క కారణంగా పోయిన మధ్యాహ్నాలు నా ఒక్కడికే చాలా ఉన్నాయి.

పేర్ల బాధ మెటాడేటాలో ఇంకో రకం. అక్కడ టేబుల్‌కి రెండు పేర్లు ఉంటాయి. ఒకటి మనుషులకు కనబడే పేరు, మరొకటి డిస్క్ మీద సాస్ వాడే పేరు. నమోదు చేసినప్పుడు రెండూ ఒకటే. తర్వాత ఎవరో ఒకరు, రిపోర్టు చదివేవాళ్ళకు అర్థమయ్యేలా ఉండాలని, పైపేరు మారుస్తారు. అడుగుపేరు అలాగే ఉంటుంది. పైపేరుతో వెతికే ప్రోగ్రాంకి మర్నాటి నుంచి సున్నా. ఊళ్ళో అందరూ బుజ్జి అని పిలిచే మనిషిని బడి రిజిస్టర్‌లో ఆ పేరుతో వెతికినట్టే. 17 అక్షరాల గుర్తింపు సంఖ్యతో వెతికితే ఈ బెడద లేదు, కానీ టేబుల్‌ని తీసేసి మళ్ళీ నమోదు చేస్తే ఆ సంఖ్య మారిపోతుంది. పేరు నిలిచి వస్తువు మారడం, వస్తువు నిలిచి పేరు మారడం, రెంటిలో దేన్ని మనం ‘అదే’ అంటున్నామో ముందే తేల్చుకోవాలి. అన్యోన్యాభావం చర్చ మళ్ళీ మొదలు.

ఈ తంటా సాస్‌కే పరిమితం అనుకోవద్దు. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఆర్ భాషని ఇవాళ గణాంకాలు చదివే విద్యార్థులు చాలామంది వాడుతున్నారు. అందులోనూ ఎగ్జిస్ట్స్ అనే ఫంక్షన్ ఉంది. డేటా పట్టికకి చాలామంది పెట్టుకునే పేరు డీఎఫ్, డేటాఫ్రేమ్‌కి పొట్టిపేరు. ఆర్‌ని ఇప్పుడే తెరిచి, ఒక్క పట్టికా తయారుచెయ్యకుండా, ‘డీఎఫ్ ఉందా’ అని అడిగి చూడండి. ఉంది అంటుంది. ఎందుకంటే ఎఫ్ విభాజనం సాంద్రతని లెక్కగట్టే ఫంక్షన్ పేరు కూడా డీఎఫ్, అది ఆర్‌తోపాటే వస్తుంది. ఎగ్జిస్ట్స్ మన గదిలో వెతికి, దొరక్కపోతే పక్కింట్లో, ఆ తర్వాత వీధిలో, అలా బయటికి వెతుక్కుంటూ పోతుంది. ఎక్కడ దొరికినా ‘ఉంది’ అంటుంది. ఏది, ఎక్కడ అన్న రెండు ప్రశ్నల్నీ మనం వదిలేశాం కాబట్టి దానికి తోచినట్టు పూరించుకుంది. ఈ గది దాటి వెళ్ళొద్దని, ఫలానా రకం వస్తువు అయితేనే లెక్కపెట్టమని చెప్పే వీలు దానిలోనే ఉంది. చెప్పాలి, అంతే.

ఒక మేలు మాట కూడా చెప్పాలి. ‘లేదు’లో రకాలున్నాయని సాస్ కట్టినవాళ్ళకు తెలియక కాదు. అంకెలుండాల్సిన గడిలో అంకె లేకపోతే సాస్ ఒక చుక్క పెడుతుంది. ఆ చుక్క ఒక్కటే కాదు, చుక్క వెంట ఏ నుంచి జెడ్ దాకా ఏదో ఒక అక్షరం, లేదా కింద గీత, పెట్టుకోవచ్చు. మొత్తం 28 రకాల ‘లేదు’లు. జవాబు చెప్పనన్నారు, ఇంట్లో లేరు, ఆ ప్రశ్న వాళ్ళకు వర్తించదు, పరికరం చెడిపోయింది, ఒక్కోదానికి ఒక్కో అక్షరం. రిలేషనల్ డేటాబేస్‌ల సిద్ధాంతాన్ని 1970లో ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్ కూడా తర్వాతి కాలంలో, ఉండాల్సి ఉండీ తెలియని విలువకి ఒక గుర్తు, అసలు వర్తించని విలువకి మరో గుర్తు కావాలన్నాడు. వాడుకలోకి వచ్చిన ఎస్‌క్యూఎల్ భాష రెంటికీ కలిపి నల్ అనే ఒక్కదానితో సరిపెట్టుకుంది. ఆ సరిపెట్టుకోవడం తప్పని నేను గట్టిగా అనుకుంటాను.

మందుల పరీక్షల్లో ఈ తేడా మనుషుల ఆరోగ్యంతో ముడిపడి ఉంటుంది. దుష్ప్రభావాల వివరాలకి ఏఈ అనే డేటాసెట్ ఉంటుంది. అది ఉండి, అందులో ఒక్క రికార్డూ లేకపోతే ఎగ్జిస్ట్ 1 అంటుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదని అర్థం కావచ్చు. డేటాసెట్టే లేకపోతే 0 అంటుంది. ఆ వివరాలు ఇంకా ఆస్పత్రి నుంచి రాలేదని అర్థం కావచ్చు. ఈ రెంటినీ ఒకే ఖాళీ పట్టికగా అచ్చువేసే ప్రోగ్రాం రాస్తే, చదివే డాక్టరుకి రెండూ ‘దుష్ప్రభావాలు లేవు’ అనే కనబడతాయి. అందుకే ఉనికిని అడిగిన వెంటనే డేటాసెట్‌ని తెరిచి, చెరిపినట్టు గుర్తుపెట్టినవి మినహాయించి రికార్డులెన్నో లెక్కపెట్టాలి. ఉంది, ఖాళీగా ఉంది, లేదు. మూడు వాక్యాలు మూడు చోట్ల పడాలి.

ఇంత జాగ్రత్తగా అడిగినా ఒక చిన్న కంత మిగులుతుంది. అడిగిన క్షణానికీ ఆ జవాబుని నమ్ముకుని పని మొదలుపెట్టే క్షణానికీ మధ్య కాలం. ఒకే టేబుల్ మీద రెండు ప్రోగ్రాంలు ఒకేసారి నడిస్తే, రెండూ ‘లేదు’ అన్న జవాబే విని, రెండూ తయారుచెయ్యడానికి దిగుతాయి. రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది. వీలైన చోట ముందు తాళం వేసి తర్వాత చూడడం మేలు. ‘చేర్చు’ అని నేరుగా ప్రయత్నించి, కుదరకపోతే ఎందుకు కుదరలేదో చదువుకోవడం ఇంకో దారి. తలుపు తెరిచి ఉందా అని అడిగి వచ్చి చెప్పేలోపు ఎవరైనా మూసేయొచ్చు. తోసి చూస్తే అప్పుడే తెలుస్తుంది.

మా ప్రోగ్రాంని ఎలా దిద్దామో చెబుతాను. మునుపు రెండు దారులుండేవి, ఇప్పుడు ఆరున్నాయి. మైనస్ 1 వస్తే ఏదీ ముట్టుకోకుండా కొంతసేపు ఆగి మళ్ళీ అడుగుతుంది. మూడుసార్లకీ అదే జవాబైతే ఆగిపోతుంది. 0 వస్తే, ఎప్పుడూ ఉండే చిన్న టేబుల్ కనబడుతోందా అని చూస్తుంది, అది కూడా కనబడకపోతే ఆగిపోతుంది. అది కనబడితే డిస్క్ మీద చూస్తుంది. అక్కడ టేబుల్ ఉంటే నమోదు పోయిందని అర్థం, తయారుచెయ్యకుండా మనిషిని పిలుస్తుంది. రెండు చోట్లా లేదని తేలినా, టేబుల్‌ని మొదటిసారి తయారుచేసే హక్కు రాత్రి ప్రోగ్రాం దగ్గర్నుంచి తీసేశాం. ఆ పని ఒక మనిషి పగటిపూట చేతితో చేస్తాడు. 1 వస్తే, డిస్క్ మీద టేబుల్ నిజంగా ఉందని చూసుకుని, రికార్డులు చేరుస్తుంది. 2 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే ఏది మనదో తేల్చుకోలేదు కాబట్టి, దొరికిన ప్రతిదాని గుర్తింపు సంఖ్యా లాగ్‌లో రాసి ఆగిపోతుంది. ఆరు దారుల్లో ఐదు ఆగిపోవడానికే. ఇంత పిరికిగా ఉండాలా అని మొదట్లో కొందరు విసుక్కున్నారు. 11 నెలల రికార్డుల ముందు ఆ పిరికితనం నాకు మర్యాదగా కనబడుతుంది.

సాస్ తెర మీద లాగ్‌కి రంగులుంటాయి. మామూలు సమాచారం నీలం, హెచ్చరిక ఆకుపచ్చ, తప్పు ఎరుపు. మనం సొంతంగా రాసుకున్న మాటైనా ‘ఎర్రర్’ అని మొదలుపెట్టి ఒక కోలన్ పెడితే ఎర్రగా పడుతుంది. ఆగిపోయే ప్రతి దారికీ మేము అలాంటి ఒక వాక్యం రాసుకున్నాం. ‘టేబుల్ లేదు’ అన్న మాట వాటిలో ఎక్కడా లేదు. ‘సర్వర్ అందలేదు, టేబుల్ సంగతి తెలియదు’ అని ఒకచోట, ‘ఈ ఖాతాకు ఈ ఫోల్డర్ కనబడడం లేదు’ అని ఒకచోట, ‘నమోదు లేదు, డిస్క్ మీద ఉంది’ అని మరోచోట.

అది దిద్దిన కొన్ని నెలలకు ఒక తెల్లవారుజామున ఆరింటికి ఫోను మోగింది. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు.

“అన్నా, రాత్రి జాబ్ ఆగిపోయింది. లాగ్‌లో ఎర్రగా ఉంది.”

“ఏమని ఉంది?”

“సర్వర్ అందలేదు, టేబుల్ సంగతి తెలియదు అని మూడుసార్లు ఉందన్నా. ఇప్పుడు సర్వర్ లేచింది.”

“టేబుల్ తెరిచి చూశావా?”

“చూశానన్నా. రికార్డులు కూడా లెక్కపెట్టాను. నిన్న సాయంత్రం ఎన్ని ఉన్నాయో అన్నీ ఉన్నాయి. మళ్ళీ మొదలుపెట్టమంటారా?”